పదిహేడింటిలో ఏది?

ఎర్ర చీటీ మళ్ళీ మాయమైంది.

"నిన్న సాయంత్రం కట్టాను. ఈ చేత్తోనే కట్టాను," అన్నాడు ఎమిల్ హూడాక్, భోజనాల బల్ల చివర నిలబడి. "రెండు ముళ్ళు కూడా వేశాను."

"వేశావేమో. మొన్న విప్పింది నేనే, దాచుకోను," అంది వెర్నా వంటింట్లోంచి. "ఇవాళ మాత్రం నేను కాదు."

"మరి దానంతటది విప్పుకుందా?"

"దాన్నే అడుగు. వాటితో మాట్లాడినంత నాతో ఎప్పుడు మాట్లాడావు గనక!"

ఎమిల్ బల్ల కిందికి వంగి చూశాడు. ఎడమకంటి మీద ఇంకా పచ్చటి మసక ఉంది. శుక్లం ఆపరేషనై ఆరు వారాలైనా చూపు పూర్తిగా రాలేదు. బల్ల కింద చీటీ లేదు. సర్దిన అట్టపెట్టెలు, వాటి మధ్య నిన్నటి దుమ్ము మాత్రమే కనిపించాయి.

ఆ బల్ల మీద నాలుగు రోజులుగా ఎవరూ భోజనం చెయ్యలేదు. పదిహేడు తుపాకులు వరసగా పడుకుని ఉన్నాయి. పాత దుప్పటి పరిచి, గొట్టాలన్నీ గోడవైపు తిప్పి, ఒక్కొక్కదానికీ దారంతో చీటీ కట్టాడు ఎమిల్. ఆకుపచ్చ చీటీ ఉన్నవి కొత్త ఫ్లాటుకు వస్తాయి. ఎర్ర చీటీ ఉన్నవి మధ్యాహ్నం రెండింటికి వచ్చే వ్యాపారి బండిలో పోతాయి. చర్చి పక్కన ముసలివాళ్ళ కోసం కట్టిన ఆ ఫ్లాటులో, మంచానికి ఆరడుగుల దూరంలో ఒక ఇనప్పెట్టె పెట్టుకోనిచ్చారు. అందులో నాలుగే పడతాయి.

ఈ పెన్సిల్వేనియా కొండల్లో మగవాళ్ళు పెళ్ళాం పుట్టినరోజు మరిచిపోతారు గానీ, ఏ తుపాకీ ఏ ఏడు ఎవరి దగ్గర కొన్నారో ఆ రోజు కురిసిన వానతో సహా చెబుతారు. అలాంటి మనిషిని నాలుగు ఉంచుకుని పదమూడు వదులుకొమ్మంటే ఏమవుతాడు? ఎమిల్ మాత్రం తొందరగానే తేల్చేశాడు. తాత సరిహద్దు దాటించి తెచ్చినది ఒకటి, తండ్రి బాతుల వేటకు వాడినది ఒకటి, తను మొదటి జీతంతో కొన్నది ఒకటి. మూడింటికి ఆకుపచ్చ చీటీలు. పదమూడింటికి ఎర్రవి.

మిగిలిన ఒక్కదాని దగ్గరే ఇల్లంతా ఆగిపోయింది.

అది పొట్టి తుపాకీ. తేలిక. పెళ్ళయిన పదో ఏడు వెర్నాకు ఎమిల్ కొనిచ్చినది. కోళ్ళగూడు మీద పడే జంతువుల్ని తోలడానికి తప్ప ఎందుకూ వాడలేదు. మంగళవారం ఎమిల్ దానికి ఎర్ర చీటీ కట్టాడు. బుధవారం పొద్దున వెర్నా విప్పి పొయ్యిలో పారేసింది. గురువారం మళ్ళీ కట్టాడు. ఇవాళ శుక్రవారం, చీటీ లేదు.

"నాలుగోది నాది," అంది వెర్నా, చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి. "ఇందులో అర్థం కానిదేముంది?"

"అది పేలదు, వెర్నా. లోపల తూటాని కొట్టే ముల్లు విరిగిందని ఎన్నిసార్లు చెప్పాలి? ఆ భాగం ఎక్కడా దొరకదు."

"పేలేది నాకెందుకు? ఈ వయసులో ఎవర్ని కాలుస్తాను, పక్క చర్చిలో గంటలు కొట్టే ముసలాడినా?"

"పేలని తుపాకీని ఇనప్పెట్టెలో పెట్టుకుంటే నలుగురూ నవ్వుతారు."

"నలుగురూ మనింట్లో నవ్వి ఎన్నేళ్ళయింది?"

గోడల మీద జింక తలలు దించేసిన చోట తెల్లటి మచ్చలు మిగిలాయి. ఖాళీ అయిన గదుల్లో మాట అన్నవాళ్ళ దగ్గరికే తిరిగొస్తోంది. బయట పొగమంచు కిటికీలకు అంటుకుని, పదిగంటలైనా ఇంట్లో దీపం వెయ్యాల్సొచ్చింది. పొయ్యి మీద కెటిల్ అదేపనిగా ఆవిరి కక్కుతోంది.

"సరే, బేరం పెట్టుకుందాం," అంది వెర్నా గొంతు తగ్గించి. "నా తుపాకీ వదిలేస్తాను. నీ ఇష్టమొచ్చినట్టు అమ్ముకో. దానికి బదులు నువ్వు నాకు ఒక్క మాట చెప్పు."

"వెర్నా..."

"అది వీటిలో ఏదో చెప్పు. వేలు పెట్టి చూపించు చాలు. నోరు తెరవక్కర్లేదు."

ఎమిల్ టోపీ పెట్టుకుని, కట్టెలు తేవాలంటూ పెరట్లోకి వెళ్ళిపోయాడు. కట్టెలు నిన్ననే గుమ్మందాకా తెచ్చి పేర్చి ఉన్నాయి.

*

వెర్నా అడుగుతున్నది పందొమ్మిదేళ్ళ నాటి సంగతి. ఆ పదిహేడింటిలో కొడుకు ప్రాణం తీసినది ఏది?

జింకల వేట సోమవారం మొదలవుతుందనగా, ముందు శనివారం ఇరవై రెండేళ్ళ డెనిస్ నేలమాళిగలో తుపాకులు తుడుస్తున్నాడు. ఒకటి పేలింది. ఈ ఇంట్లో కొక్కేనికి తగిలించిన తుపాకీ లోపల తూటా లేకుండా ఖాళీగా ఉండాలన్నది కట్టుబాటు. ఆ రోజు ఒకటి ఖాళీగా లేదు. వెర్నా అప్పుడు చర్చి హాల్లో ఆడవాళ్ళతో కూర్చుని పిండి ఒత్తి, బంగాళాదుంప ముద్ద పెట్టి పిరోగీలు మడుస్తోంది. చేతులకు పిండితోనే ఇంటికొచ్చింది. ఏ కొక్కెం ఖాళీగా ఉందో చూసేలోపే చెల్లెలు తనింటికి తీసుకుపోయింది. మూడు వారాల తర్వాత తిరిగొచ్చేసరికి పోలీసులు ఆ తుపాకీని తిరిగి ఇచ్చేశారు. పదిహేడు కొక్కేలూ నిండుగా ఉన్నాయి. వాళ్ళిచ్చిన కాగితాన్ని ఎమిల్ పొయ్యిలో వేసేశాడు.

"ఏదైతేనేం?" అన్నాడు అప్పుడు. "ముందురోజు గురి సరిచూసుకుని, ఖాళీ చెయ్యకుండా తగిలించింది నేను. తప్పు నాది. తుపాకీది కాదు."

ఆ తర్వాత ఆ విషయం మీద పెదవి విప్పలేదు. మింగలేక కక్కలేక అలాగే ముసలివాడయ్యాడు.

వెర్నా ఆదివారం ఆదివారం అన్నిటినీ దుమ్ము దులుపుతూ బతికింది. దులుపుతూ ఒక్కొక్కదాన్నీ మనసులో అడిగేది, నువ్వేనా అని. నల్లకర్ర ఉన్న జర్మన్ తుపాకీ మీద ఆమెకు మొదటినుంచీ అనుమానం. దాని ముందునుంచి నడవాల్సొస్తే గోడవారకు జరిగి నడిచేది. పదహారింటినీ అనుమానించింది. తన పొట్టిదాన్ని మాత్రం ఎప్పుడూ అడగలేదు. అది తనది. డెనిస్ దాన్ని ముట్టుకోడు. చిన్నప్పుడోసారి ముట్టుకుంటే చెవి మెలేసింది. అప్పటినుంచీ "నీ మహారాణి జోలికి నేను రానులే అమ్మా" అనేవాడు.

అందుకే దాన్నొక్కదాన్నే వెంట తీసుకెళ్ళాలనుకుంది. మిగతా మూడింటిలో ఆ పాపిష్ఠిది ఉంటే మాత్రం కొత్త ఫ్లాటులో అడుగు పెట్టనని ఎమిల్‌తో ముందే చెప్పేసింది.

*

పదకొండింటికి కూతురు లొరెయిన్ నేలమాళిగలోంచి పెట్టె మోసుకుంటూ పైకొచ్చింది. నలభై ఆరేళ్ళ మనిషి, ఈరీ పట్నంలో ఆసుపత్రి వంటశాల నడుపుతుంది. సామాను తరలించడానికి ట్రక్కు వేసుకుని నిన్న వచ్చింది. పిల్లల్ని తీసుకురాలేదు. ఆ తుపాకులు ఉన్నంతకాలం తన పిల్లలు ఈ గడప తొక్కరని ఎప్పుడో తేల్చి చెప్పింది.

"మీ ఆయన ఇంకా తేల్చలేదా?" అంది తల్లితో.

తండ్రిని నాన్న అనడం మానేసి పందొమ్మిదేళ్ళయింది. ఎదురుగా ఉంటే నువ్వంటుంది. లేకపోతే మీ ఆయనంటుంది.

"నువ్వేమైనా చీటీ విప్పావా, పొట్టిదానికి?"

"నేనా? వాటిని కర్రతో కూడా ముట్టుకోను. నన్నడిగితే పదిహేడూ తీసుకెళ్ళి కొలిమిలో పడేయించేదాన్ని."

"అదేం మాట? మీ ముత్తాత తెచ్చింది కూడా ఉంది."

"ముత్తాత తెచ్చింది ఉంది. మునిమనవడు లేడు." లొరెయిన్ పెట్టె కింద పెట్టి నడుం పట్టుకుంది. "అమ్మా, ఒకటి అడుగుతాను, కోప్పడకు. ఈ మనిషితో ఇన్నేళ్ళు ఒకే కంచంలో ఎలా తిన్నావు? తప్పు చేసినవాడు కనీసం ఏడవాలి కదా! అంత్యక్రియల్లో కూడా ఆయన కంట నీటిచుక్క లేదు. నేను ఆయన్నే చూస్తూ నిలబడ్డాను."

"ఏడుపు అందరికీ ఒకేలా రాదు, పిల్లా."

"ఆయన తరఫున ఎప్పుడూ నువ్వే మాట్లాడతావు. ఆయన మాత్రం నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు కూర్చుంటాడు."

వెర్నా రొట్టె ముక్కలు కోసి, వేటమాంసపు సాసేజీ పెట్టి, కూతురి ముందుకు జరిపింది. లొరెయిన్ రెండు ముక్కలు తిని, ఇందులోనూ తుపాకీ నూనె వాసనేనంటూ పక్కకు నెట్టేసింది. నిజమే. ఈ నాలుగు రోజుల్లో ఇల్లంతా ఆ వాసన పట్టింది.

"అమ్మా, చీటీ సంగతి," అంది లొరెయిన్ మెట్ల దగ్గర ఆగి. "మన ముగ్గురమే కదా ఇంట్లో. నువ్వు కాదు, నేను కాదు. కట్టిన మనిషి విప్పడు. మరి ఎవరు?"

ఆ ప్రశ్న అడిగేసి కిందికి దిగిపోయింది. వెర్నా కాసేపు కెటిల్ చప్పుడు వింటూ కూర్చుంది. తర్వాత లేచి భోజనాల గదిలోకి వెళ్ళింది.

*

ఆమె మనసులో ఇంకో సంగతి కూడా ఉంది. అది ఎవరితోనూ అనలేదు.

మంగళవారం పొట్టి తుపాకీ గొట్టం మీద గోధుమరంగు చుక్క ఒకటి కనిపించింది. తుప్పే కదా అనుకుంది. బుధవారం చీటీ విప్పినప్పుడు చూస్తే మూడు చుక్కలయ్యాయి. నిన్న వాటికి ఆకారం వస్తున్నట్టనిపించి, చూపు తిప్పుకుని వంటింట్లోకి వచ్చేసింది. పెద్దదాన్నయ్యాను, కళ్ళు ఏవేవో చూస్తున్నాయి అని తనను తనే తిట్టుకుంది.

ఇవాళ దీపం దగ్గరగా జరిపి చూసింది.

నాలుగు వేళ్ళు. గొట్టం కొసకు దగ్గరగా, ఒక పక్క నాలుగు వేళ్ళ ముద్రలు. రెండో పక్క బొటనవేలు. మూడు వేళ్ళు ఒకదాని పక్కన ఒకటి ఒదిగి ఉన్నాయి. చిటికెనవేలు మాత్రం దూరంగా, పక్కకు తిరిగి ఉంది.

వెర్నా కుర్చీ అంచు పట్టుకుని నిలబడింది.

ఆ చిటికెనవేలు ఆమెకు తెలుసు. స్కూల్లో కుస్తీ పోటీలో విరిగితే, వంకరగా అతుక్కుంది. ఆ చెయ్యి కూడా తెలుసు. ఈ ఊళ్ళో అలాంటి చేతిని తుప్పు చెయ్యి అంటారు. కొందరి చెమట ఇనుముకు పడదు, ముట్టుకున్నచోటల్లా తుప్పు పడుతుంది. డెనిస్‌ది మరీ విపరీతం. లోహపు పొడితో సామాన్లు చేసే ఫ్యాక్టరీలో వాణ్ణి తనిఖీ బల్ల దగ్గర కూర్చోబెడితే, వారం తిరక్కుండా వాడు ముట్టుకున్న పళ్ళచక్రాలన్నిటి మీదా వేలిముద్రలు మొలిచాయి. ఫోర్‌మన్ దణ్ణం పెట్టి సరుకెత్తే పనిలోకి మార్చాడు. ఇంట్లో తుపాకులు తుడవాలంటే ఎమిల్ నూలు చేతితొడుగులు వేయించేవాడు. "ఒరే, నువ్వు దొంగతనానికి మాత్రం పోకురా, పోలీసులకి పనే ఉండదు" అని ఏడిపించేవాడు.

డెనిస్ ఈ తుపాకీని ముట్టుకోలేదు. ముట్టుకోడు. వాడు మాటిచ్చాడు.

మరి ఈ చెయ్యి ఎక్కడిది?

కిటికీ బయట పొగమంచు అలాగే ఉంది. బల్ల అవతల ఎవరో నిలబడి, తను చూస్తోందా లేదా అని కనిపెడుతున్నట్టనిపించింది ఆమెకు. తల ఎత్తడానికి భయం వేసింది. ఎత్తింది. జింక తల దించేసిన తెల్లమచ్చ ఉంది, అంతే.

ఆ వేళ్ళు గొట్టం చివర ఎందుకు పట్టుకున్నాయి? కొక్కెం మీంచి తీసేటప్పుడు కర్ర దగ్గర పట్టుకుంటారు. గొట్టం పట్టుకున్నారంటే తమవైపు లాక్కుంటున్నారన్నమాట. ఖాళీదే కదా అన్న ధైర్యం ఉన్నవాడే అలా లాక్కుంటాడు.

వెర్నా తన చేతిని ఆ ముద్రల మీద ఆనించబోయి ఆపుకుంది.

అప్పుడు ఆమెకు డెనిస్ పోవడానికి ముందురోజు, ఆ శుక్రవారం సాయంత్రం గుర్తొచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె శనివారాన్నే తలచుకుంది, శుక్రవారాన్ని ఒక్కసారీ తలచుకోలేదు.

మసకచీకటిలో కోళ్ళు గోల పెట్టాయి. కళ్ళకు నల్లగంతలు కట్టుకున్నట్టుండే రకూన్ ఒకటి గూటి వల చింపుతోంది. పొట్టి తుపాకీ తీసుకుని ఒక్కసారి కాల్చింది. తగిలిందో లేదో చూడలేదు. చెయ్యి దానంతటది తూటా ఎక్కించే బోల్టుని వెనక్కి లాగి ముందుకు తోసింది. అది ఎమిల్ నేర్పిన పద్ధతి. కాల్చగానే బోల్టు తిప్పు, తగిలిందో లేదో తర్వాత చూసుకో అనేవాడు. ఈ కొండల్లో అందరి చెయ్యీ అంతే, చర్చిలో పాడే ముసలమ్మల చెయ్యి కూడా. పేలిన తూటా డొల్ల గడ్డిలో పడింది. రెండో తూటా గొట్టంలోకి వెళ్ళింది. రకూన్ కంచె కిందనుంచి పారిపోయింది. ఇంట్లో ఫోను మోగింది.

ఫోను చర్చి హాలునుంచి. రేపటికి బంగాళాదుంపలు ఎన్ని కావాలని అడిగారు. తుపాకీ గోడకు ఆనించి మాట్లాడింది. నలభై పౌన్లు చాలవు, అరవై తెప్పించండి అంది. తర్వాత కిందికి తీసుకెళ్ళి కొక్కేనికి తగిలించింది.

మధ్యలో ఖాళీ చేసిందా?

తూటా అరచేతిలో పడిన చల్లదనం కోసం ఆమె ఎంతో వెతుక్కుంది. దొరకలేదు. బంగాళాదుంపల లెక్కే మళ్ళీ మళ్ళీ వినిపించింది.

*

వెనక అడుగుల చప్పుడైంది. ఎమిల్ చేతిలో కిరసనాయిల్ గుడ్డ ఉంది. ఆమెను చూసి గుమ్మంలో ఆగిపోయాడు.

"కట్టెలు తేలేదా?" అంది వెర్నా.

"ఉన్నాయి."

"ఆ గుడ్డెందుకు?"

"తుప్పు కనిపిస్తే వ్యాపారి ధర తగ్గిస్తాడు."

అతను బల్ల చుట్టూ వచ్చి పొట్టి తుపాకీ మీద గుడ్డ పెట్టబోయాడు. వెర్నా అతని మణికట్టు పట్టుకుంది.

"తుడిస్తే పోతుంది," అన్నాడు ఎమిల్.

"ఎన్నిసార్లు పోయింది?"

అతను గుడ్డను గుప్పిట్లో నలిపాడు.

"ఎన్నాళ్ళుగా తుడుస్తున్నావు, ఎమిల్?"

"శనివారం శనివారం, నువ్వు దుమ్ము దులిపే ముందురోజు," అన్నాడు చివరికి. "శనివారం తుడిస్తే బుధవారానికి వచ్చేది. అదే చోట. లోపలికి తినేసింది, ఎంత గీకినా మొత్తంగా పోలేదు. ఈ కళ్ళ ఆపరేషన్ తర్వాత నూనెల దగ్గరికి పోవద్దన్నాడు డాక్టరు. ముందే దట్టంగా గ్రీజు పూసి ఉంచాను, ఆరు వారాలకి అదీ ఆరిపోయింది... ఈ కెటిల్ ఆవిరొకటి."

"ముల్లు విరగలేదు కదూ."

"నేనే తీసేశాను."

వెర్నా అతని మణికట్టు వదల్లేదు.

"ఆ రోజు పదహారూ తుడిచి పెట్టేశాడు వాడు," అన్నాడు ఎమిల్, తుపాకీ వంకే చూస్తూ. "తళతళలాడుతున్నాయి. చివరికి నీది తీసుకున్నాడు. అమ్మ మహారాణిని కూడా మెరిపిద్దామనుకున్నాడేమో. చిన్న మరలు పట్టు దొరకవని చేతితొడుగులు తీసేశాడు. తొడుగులు బల్ల మీద మడిచిపెట్టి ఉన్నాయి."

"గురి సరిచూసుకున్నది నువ్వు కాదు."

"వెర్నా, వద్దు."

"నేను ఖాళీ చెయ్యలేదు."

"బోల్టు తిప్పమని నేర్పింది నేను."

"తిప్పింది నేను."

ఆమె గొంతు పెంచలేదు. అరుపు వస్తుందనుకున్నాడు ఎమిల్. పందొమ్మిదేళ్ళుగా ఆ అరుపుకే భయపడ్డాడు. అరుపు రాకపోవడంతో అతనికి ఇంకా భయం వేసింది. కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టబోయాడు. ఆమె కూర్చోలేదు.

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే బతికేదానివా?"

బతికేది కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"చీటీ నువ్వే విప్పావా?"

ఎమిల్ చొక్కా జేబులోంచి నలిగిన ఎర్ర చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. "నేనే కట్టాను. పొద్దున్నే లేచి నేనే విప్పాను. నీమీద అరిచాను కూడా. ఏం చెయ్యను? ఉంచితే నువ్వు చూస్తావు. అమ్మేస్తే..." అతను చీటీ ముడతల్ని బొటనవేలితో సాఫు చేశాడు. "మొదట్లో నీకు కనిపించకూడదని తుడిచాను. తర్వాత్తర్వాత వాడు వారంవారం ఇంటికొస్తున్నాడనిపించేది. బుధవారం కోసం ఎదురుచూసేవాణ్ణి. శనివారం నా చేత్తో నేనే తుడిచేసేవాణ్ణి. అమ్మేస్తే ఆ చెయ్యి కూడా పోతుంది, వెర్నా."

వెర్నా అప్పుడు ఆ ముద్రల మీద తన వేళ్ళు ఆనించింది. ఒక్కొక్క వేలు ఒక్కొక్క ముద్ర మీద. చిటికెనవేలు అందలేదు. ఇనుము చల్లగా లేదు. గది వేడికి అలా అనిపించిందని తర్వాత సరిపెట్టుకోవచ్చు. ఆ క్షణంలో మాత్రం ఆమెకు అలా అనిపించలేదు.

"లొరెయిన్‌కి చెప్పాలి," అంది.

"చెప్పకూడదు."

"నిన్ను నాన్నా అని పిలవడం మానేసింది. నీ మనవల్ని నీకు చూపించలేదు."

"అలవాటైపోయింది. ఆ పిల్లకీ నన్ను తిట్టడం అలవాటైపోయింది. ఈ వయసులో కోపం మార్చుకోమంటే ఎక్కడ పెట్టుకుంటుంది? నీమీద పెట్టుకుంటుంది. నేను తట్టుకున్నాను. నువ్వు తట్టుకోలేవు."

"నా సంగతి నువ్వే తేల్చేస్తావా?"

"ఇన్నాళ్ళూ తేల్చలేదూ?" అన్నాడు ఎమిల్, నవ్వులాంటిది ఒకటి పెదవుల మీదకు తెచ్చుకుని.

*

మెట్ల మీద బూట్ల చప్పుడు. లొరెయిన్ చివరి పెట్టెతో లోపలికొచ్చింది. తల్లి ముఖం చూసి పెట్టె అక్కడే దించేసింది.

"ఏమైంది? ఏమన్నాడు?"

"ఏమనలేదు," అన్నాడు ఎమిల్.

"నిన్నడగలేదు." ఆమె తల్లి దగ్గరికొచ్చింది. "అమ్మా, వణుకుతున్నావు. మళ్ళీ అడిగావా? మళ్ళీ చెప్పనన్నాడా?" తండ్రివైపు తిరిగింది. "ఇంకాసేపటికి అన్నీ పోతాయి. ఇవాళైనా నోరు పెగలదా నీకు? ఏ తుపాకీ అని ఆమె అడిగితే పోనీ చెప్పకు. కనీసం క్షమించమని ఎప్పుడైనా అన్నావా? ఒక్కసారి?"

"లేదు," అన్నాడు ఎమిల్.

"పందొమ్మిదేళ్ళు! కొడుకుని పోగొట్టుకున్న మనిషి నీకు వండిపెట్టింది, నీ బట్టలుతికింది, నీ దిక్కుమాలిన తుపాకులకి దుమ్ము దులిపింది. ఆ ఒక్క మాట నీ నోట్లోంచి రాలేదు. ఇప్పుడను. నా ముందర అను. అనకపోతే నేనీ ట్రక్కు తీసుకుని ఇట్నించిటే వెళ్ళిపోతాను, మళ్ళీ మీలో ఎవరైనా పోతే తప్ప రాను."

ఎమిల్ టోపీ తీశాడు. ఆపరేషనైన కన్ను నీరు కారుతోంది. దాన్ని తుడుచుకోలేదు. వెర్నావైపు తిరిగి నిటారుగా నిలబడ్డాడు.

"వెర్నా," అన్నాడు. "నన్ను క్షమించు. ఆ తుపాకీని ఖాళీ చెయ్యకుండా తగిలించింది నేనే."

ఎక్కడా తడబడలేదు. ఏళ్ళ తరబడి లోలోపల చెప్పుకున్నది పైకి చెబుతున్నవాడిలా చెప్పాడు. చెబుతూ ఆమె కళ్ళలోకే చూశాడు. ఆ చూపు క్షమాపణ అడగడం లేదని, వేరే ఇంకేదో అడుగుతోందని వెర్నాకు తెలుసు. కూతురికి తెలియదు.

లొరెయిన్ భుజాలు దిగిపోయాయి. పక్కనున్న అట్టపెట్టె మీద కూలబడి, చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చింది. "ఇంతే," అంది వెక్కుతూ. "ఈ ఒక్క ముక్క కోసమే... ఇంత చిన్న ముక్క... ముందే అనుంటే నేను..." ముఖం తుడుచుకుంటూ లేచి, ఏం చెయ్యాలో తోచనిదానిలా తండ్రివైపు ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. చెయ్యి చాపింది.

ఎమిల్ ఆ చేతిని చూశాడు. పట్టుకోలేదు. పట్టుకోవచ్చా అన్నట్టు పెళ్ళాం వంక చూశాడు.

మాట్లాడకపోతే చాలు. వెర్నా ఏమీ చెయ్యనక్కర్లేదు. ఊరుకుంటే ఈ ఇంట్లో తండ్రీకూతుళ్ళు ఈ క్షణంలో కలుస్తారు, వచ్చే ఆదివారం మనవలు కొత్త ఫ్లాటుకు వస్తారు, అందరూ బల్ల చుట్టూ కూర్చుంటారు. ఆ కూర్చున్న ప్రతిసారీ అతను దొంగ క్షమాపణతో కొన్న రొట్టె తింటాడు. ఆమె వడ్డిస్తుంది.

"లొరెయిన్," అంది వెర్నా. "కూర్చో."

"వెర్నా." ఎమిల్ వద్దన్నట్టు చెయ్యెత్తాడు.

"నువ్వూ కూర్చో." ఆమె కుర్చీ లాక్కుని బల్ల ముందు కూర్చుంది. పొట్టి తుపాకీని రెండు చేతులతో ఎత్తి, ఆ వేలిముద్రలు కూతురికి కనిపించేలా ఒళ్ళో పెట్టుకుంది.

"ముందురోజు సాయంత్రం కోళ్ళగూటి దగ్గరికి రకూన్ వచ్చింది," అంది. "కాల్చింది నేను."